పేరు తీసేసిన తుపానులు

1962 అక్టోబర్ 12, శుక్రవారం సాయంత్రం. అమెరికా పడమటి తీరాన ఒరెగాన్ రాష్ట్రంలోని కొర్వాలిస్ వాతావరణ కేంద్రంలో గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ తర్వాత నమోదు చేయడానికి పరికరాలూ లేవు, మనుషులూ లేరు. పరికరాలు విరిగిపోయాయి, సిబ్బంది కేంద్రం వదిలి బయటపడ్డారు. పోర్ట్‌లాండ్ నగరం నడిబొడ్డున మారిసన్ వంతెన మీద 187 కిలోమీటర్ల గాలి వీచింది. సియాటిల్‌లో ఆ ఏడాది ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. కొత్తగా కట్టిన స్పేస్ నీడిల్ మీదున్న సందర్శకులను హడావిడిగా కిందికి దించేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో ఆట వానకు వాయిదాపడి, పదిహేనో తేదీకి గానీ మొదలుకాలేదు. మొత్తం మీద 46 మంది చనిపోయారు. తక్కువలో తక్కువ అంచనా ప్రకారం 1,100 కోట్ల బోర్డు అడుగుల కలపనిచ్చే చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. అంత కలపను కుళ్లిపోయేలోగా అమ్ముకోవాలి కదా! కొనడానికి ముందుకొచ్చింది జపాన్. ఆ దేశానికి దుంగల ఎగుమతి పెద్ద వ్యాపారంగా ఎదగడానికి ఈ పెనుగాలి ఓ కారణమైంది.

ఒరెగాన్ ఎదుట సముద్రం చల్లన. టైఫూన్‌గానీ హరికేన్‌గానీ బతికేంత వెచ్చదనం అందులో ఏ నెలలోనూ ఉండదు. మరి ఈ గాలి ఎక్కడిది?

దీని మూలం వేల కిలోమీటర్ల అవతల, పసిఫిక్ నడిసముద్రంలో వేక్ దీవి వైపు ఉంది. అక్టోబర్ మొదటి వారంలో అక్కడ ఫ్రీడా అనే టైఫూన్ పుట్టింది. మంచి ఊపులో ఉన్నప్పుడు దాని గాలి గంటకు 185 కిలోమీటర్లు. జనావాసాల జోలికి పోకుండా సముద్రం మీదే తిరిగి, ఈశాన్యానికి మళ్లి, చల్లటి నీళ్లు తగలగానే నీరసించింది. పదో తేదీ నాటికి టైఫూన్ల లెక్కలోంచి దాని పేరు తీసేశారు. పేరు పోయిన రెండు రోజులకు కాలిఫోర్నియా తీరానికి దూరంగా దాని శేషం మళ్లీ సుడి తిరిగింది. కేంద్రంలో పీడనం దాదాపు 960 మిల్లీబార్ల దాకా పడిపోయింది. తీరాన్ని ఢీకొట్టకుండా తీరం పక్కనే ఉత్తరంగా పరుగెత్తింది. నష్టం అంత విస్తారంగా జరగడానికి అసలు కారణం ఈ దారే. అడ్డంగా తగిలిన తుపాను ఒక జిల్లానో రెండు జిల్లాలనో చితక్కొడుతుంది. పక్కనే నడిచిన ఈ తుపాను బలమైన కుడి భుజంతో కాలిఫోర్నియా మొదలు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా ఊడ్చిపారేసింది.

అలాగని ‘ఫ్రీడా వచ్చి ఒరెగాన్‌ను కొట్టింది’ అనేస్తే సగం నిజమే చెప్పినట్టు. ఫ్రీడా తెచ్చింది తేమ, వేడి, కొంత సుడి. ఆ రాత్రి చెట్లను పెకలించిన బలంలో ఎక్కువ భాగం ఉత్తరపు చలిగాలికీ దక్షిణపు వెచ్చగాలికీ మధ్యనున్న తేడాలోంచి వచ్చింది. ఈ వాటాలు ఎంతెంతన్నది పరిశోధకులు ఇప్పటికీ ఒక పట్టాన తేల్చలేదు. నా మటుకు ఆ వాటాల లెక్క కంటే, టైఫూన్ చచ్చిపోయిందని రాసుకున్న తేదీకీ మనుషులు చచ్చిపోయిన తేదీకీ మధ్య వచ్చిన ఆ ఎడమే అసలు సమస్య. అరవై ఏళ్లుగా ఈ శాస్త్రం తంటాలు పడుతున్నది ఆ ఎడంతోనే.

ఉష్ణమండల తుపాను బతికేది సముద్రపు వేడి మీద. నీరు ఆవిరై పైకి లేస్తుంది, మేఘంగా మారేటప్పుడు గుప్తోష్ణం విడుదలవుతుంది, నడిమి భాగం వేడెక్కుతుంది, అడుగున పీడనం పడిపోతుంది. నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీల పైచిలుకు ఉండాలి. పై ఎత్తుల్లో గాలి మరీ వేరే దిశలో, వేరే వేగంతో వీచకూడదు. గాలి బలమంతా నడిమి ప్రశాంత భాగమైన కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడలో, నేలకు దగ్గరగా ఉంటుంది. సమశీతోష్ణ మండలపు తుపాను కథ వేరు. దానికి సముద్రం వెచ్చగా ఉండనక్కర్లేదు. పక్కపక్కన చలిగాలీ వేడిగాలీ ఉంటే చాలు. బరువైన చలిగాలి కిందికి జారుతూ, తేలికైన వెచ్చగాలి పైకి పాకుతూ ఉంటే ఆ కదలికే సుడికి బలమిస్తుంది. పైన పది కిలోమీటర్ల ఎత్తున పరుగెత్తే జెట్ స్ట్రీమ్ దాన్ని ఎగదోస్తుంది. టైఫూన్ మధ్య అక్షాంశాలకు చేరి మొదటి రకం నుంచి రెండో రకానికి మారడం, కట్టెల పొయ్యి మీద ఉడుకుతున్న కుండను దించకుండానే గ్యాసు పొయ్యి మీదికి జరపడం లాంటిది. మంట మారుతుంది, ఉడుకు ఆగదు. ఒక్కోసారి ఆరిపోవచ్చు కూడా. ఏది జరుగుతుందో ముందే చెప్పడమే కష్టం.

మాంటెరీలోని అమెరికా నౌకాదళ పరిశోధన విద్యాసంస్థకు చెందిన క్లైన్, హార్, ఎల్స్‌బెరీ 2000లో పశ్చిమ పసిఫిక్ టైఫూన్లను ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించి, ఈ మార్పును రెండు అంకాలుగా విడదీశారు. మొదటిది రూపం మారడం. పడమటి గాలుల్లో చిక్కుకోగానే తుపాను వేగం పెరుగుతుంది. అప్పటిదాకా తీరుబడిగా నడిచినది గంటకు అరవై, ఎనభై కిలోమీటర్లతో పరుగందుకుంటుంది. పై గాలి తాకిడికి సుడి ఒక పక్కకు ఒరుగుతుంది. నైరుతి దిక్కు నుంచి పొడిగాలి లోపలికి చొరబడి ఆ వైపు మేఘాలను కరిగించేస్తుంది. ఈశాన్యం వైపు వెచ్చటి తేమగాలి చలిగాలి మీదికి ఎగబాకుతూ దట్టమైన వానలు కురిపిస్తుంది. గుండ్రంగా ముద్దుగా ఉన్న మేఘం అడ్డదిడ్డమైన కామా గుర్తులా తయారవుతుంది. కన్ను మూసుకుపోతుంది. ఈ దశలో అత్యధిక గాలి వేగం తగ్గుతుంది, పత్రికలు ‘బలహీనపడింది’ అని రాస్తాయి. అది అబద్ధం కాదుగానీ, అదే సమయంలో గాలి విస్తీర్ణం రెట్టింపు కావచ్చు. మొదట వందల కిలోమీటర్లలో ఉన్న పెనుగాలి పరిధి వెయ్యి దాటిపోవచ్చు. దానికి తోడు తుపాను పరుగు వేగం కుడివైపు గాలికి కలిసొస్తుంది.

రెండో అంకం మళ్లీ బలపడటం. పడమటి దిక్కున పైగాలిలో ఒక ద్రోణి సరైన దూరంలో, సరైన వేళకు వస్తేనే ఇది జరుగుతుంది. కొన్ని గంటలు అటూఇటూ అయితే రెండూ కలుసుకోవు. తుపాను వట్టి వానమబ్బుగా తేలిపోతుంది. 24 గంటల్లో 24 మిల్లీబార్ల లెక్కన పీడనం పడిపోయే తుపానులకు ఫ్రెడ్ శాండర్స్, జాన్ గ్యాకమ్ 1980లో ‘బాంబు’ అని పేరుపెట్టారు. ఇప్పుడు టీవీల్లో వినిపించే బాంబ్ సైక్లోన్ ఆ పేరే. రాబర్ట్ హార్ట్ 2003లో ఇంకో పద్ధతి చూపించాడు. తుపాను నడిమి భాగం వెచ్చనా చల్లనా, రెండు పక్కలా సమంగా ఉందా ఒరిగిందా అన్నవి కొలిచి పటం మీద గీస్తే, అది ఒక రకం నుంచి మరో రకానికి నడిచే దారి గీతలా కనిపిస్తుంది. గోడకట్టినట్టు రెండు గదులుండవనీ, మధ్యలో చాలా మెట్లున్నాయనీ ఆ గీత చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అట్లాంటిక్ తుపానుల్లో 46 శాతం ఇలా రూపం మార్చుకుంటాయని హార్ట్, జెన్నీ ఎవాన్స్ అంతకు రెండేళ్ల ముందే లెక్కతేల్చారు. అంటే దీన్ని అరుదైన వింత అనుకోవడానికి వీల్లేదు.

గీతలూ పటాలూ రాకముందు ఈ సంగతి తెలియక జరిగిన ఘోరం ఒకటి జపాన్‌లో ఉంది. 1954 సెప్టెంబర్ 26. పదిహేనో నంబరు టైఫూన్ తెల్లవారుజామున దక్షిణాన క్యూషూ దీవిని తాకి, జపాన్ సముద్రంలోకి దిగి, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో హొక్కైడో వైపు దూసుకెళ్లింది. ఆ లెక్కన సాయంత్రం అయిదింటికల్లా అది హకొదాతె రేవును దాటిపోవాలి. రైలు పెట్టెలను కూడా ఎక్కించుకుని త్సుగారు జలసంధి దాటించే తోయామారు ఓడ మధ్యాహ్నం బయల్దేరాల్సింది ఆగిపోయింది. అయిదు గంటల వేళ వాన వెలిసింది. మబ్బు విడింది. గాలి తగ్గింది. కెప్టెన్ అనుభవజ్ఞుడు. టైఫూన్ కన్ను నెత్తిమీదికి వచ్చిందని నమ్మాడు. ఇక గాలి దిశ మారి, కాసేపటికి తగ్గుముఖం పడుతుందని అంచనా వేశాడు. 6 గంటల 39 నిమిషాలకు ఓడ కదిలింది.

అది కన్ను కాదు. టైఫూన్ అప్పటికే సగం రూపం మార్చుకుంది. ముందుగా దాటిపోయిన వేడి–చలి గాలుల సరిహద్దు వెనక తెరుచుకున్న ఖాళీ ఆ నీలాకాశం. అసలు సుడి ఇంకా పడమటి సముద్రంలోనే ఉంది. పైగా అది వేగం తగ్గించి, బలం పెంచుకుని, హొక్కైడో పక్కనే తిష్ఠవేసింది. రేవు వదిలిన కాసేపటికే ఓడ లంగరు దించాల్సి వచ్చింది. రైలు పెట్టెలు ఎక్కించడానికి వెనకవైపు తెరిచి ఉంచిన దారి గుండా కెరటాలు లోపలికి కొట్టాయి, నీళ్లు ఇంజన్ గదిలోకి దిగాయి. పదిన్నర దాటాక తీరానికి కూతవేటు దూరంలో ఓడ బోర్లాపడింది. 1,100 మందికి పైగా చనిపోయారు. అదే రాత్రి మరో నాలుగు ఓడలు మునిగాయి. అదే గాలికి ఇవనాయ్ పట్టణంలో రేగిన మంట 3 వేలకు పైగా ఇళ్లను కాల్చేసింది. ఆ జలసంధి కింద సొరంగం తవ్వాలన్న ఆలోచనకు ఈ దుర్ఘటనతో ఊపొచ్చింది. 1988లో తెరిచిన సెయికాన్ సొరంగం అదే.

కెప్టెన్‌ది తెలివితక్కువతనం అనడానికి నోరు రాదు. ఉష్ణమండలంలో పాఠం అంతే: హోరు, ఆ వెంటనే నిశ్శబ్దం, మళ్లీ హోరు. ఆయన పాఠం సరిగానే చదివాడు. పుస్తకమే మారిపోయింది.

మళ్లీ బలపడ్డ తుపానుల్లో రికార్డు స్థాయివి చాలావరకు మనుషులు లేని చోటే విజృంభించడం వల్ల వాటి గురించి మనకు పెద్దగా తెలియదు. 2014 నవంబర్‌లో నూరి అనే సూపర్ టైఫూన్ ఫిలిప్పీన్స్‌కు తూర్పున జపాన్ వాతావరణ సంస్థ లెక్కలో 910 మిల్లీబార్లకు చేరింది. తర్వాత బలం కోల్పోయి ఉత్తరానికి వెళ్లి, బేరింగ్ సముద్రంలో మళ్లీ 920 చుట్టుపక్కలకు పడిపోయింది. ఆ ప్రాంతంలో ఇంత తక్కువ పీడనం ఎప్పుడో గానీ చూడరు. అక్కడ దెబ్బతినడానికి ఉన్నవి చేపల ఓడలు, అల్యూషియన్ దీవుల్లో కొద్దిపాటి స్థావరాలు. అయినా కథ అక్కడితో అయిపోలేదు. అంత పెద్ద సుడి పైకి తోసిన వెచ్చగాలి జెట్ స్ట్రీమ్‌ను వంచేసింది. అలాస్కా మీద వెచ్చటి గుట్ట లేచింది, దానికి తూర్పున ధ్రువపు చలి అమెరికా నడిమధ్యకు జారింది. ఆ నెలలో అమెరికా అకాల శీతలంతో వణికింది. ఫిలిప్పీన్స్ సముద్రంలో పుట్టిన తుపాను డెన్వర్‌లో చలి పెంచిందంటే అతిశయోక్తిలా ఉంటుందిగానీ, వాతావరణ నిపుణులకు ఇది రోజువారీ తలనొప్పి. పసిఫిక్‌లో టైఫూన్ మలుపు తిరుగుతున్న రోజుల్లో అమెరికాకు వారం ముందు ఇచ్చే అంచనాల నమ్మకం పడిపోతుంది. 2008లో టి-పార్క్ పేరుతో పలు దేశాల విమానాలు టైఫూన్ల మీదుగా ఎగిరి కొలతలు తీసింది ఈ చిక్కు విప్పడానికే.

కెరటాల సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి. పరుగెత్తే తుపాను, తాను లేపిన కెరటాల వేగంతోనే నడిస్తే అవి గాలి కింది నుంచి తప్పించుకోలేవు, పెరుగుతూనే పోతాయి. 1995 సెప్టెంబర్‌లో లూయిస్ హరికేన్ ఇలా ఉత్తర అట్లాంటిక్‌లో పరుగెత్తుతున్నప్పుడు క్వీన్ ఎలిజబెత్-2 ఓడకు 29 మీటర్ల కెరటం ఎదురైంది.

ఇక పేర్ల గొడవ. 2012 అక్టోబర్ చివర శాండీ హరికేన్ న్యూజెర్సీ వైపు వస్తోంది. పెనుగాలి వ్యాసం 1,600 కిలోమీటర్లు. అయితే తీరం తాకేలోగా అది సమశీతోష్ణ తుపానుగా మారిపోతుందని నిపుణుల అంచనా. ఆనాటి నిబంధన ప్రకారం హరికేన్ కానిదానికి హరికేన్ హెచ్చరిక ఇవ్వకూడదు. దాంతో మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం నార్త్ కరోలినాకు ఉత్తరాన హరికేన్ హెచ్చరికే జారీ చెయ్యలేదు. స్థానిక కార్యాలయాలు పెనుగాలి హెచ్చరిక, వరద హెచ్చరిక అంటూ విడివిడిగా ఇచ్చాయి. అంచనా అక్షరాలా నిజమైంది. తీరం తాకడానికి రెండు మూడు గంటల ముందు శాండీ హరికేన్ హోదా కోల్పోయింది. న్యూయార్క్ సబ్‌వేలోకి నీళ్లు రావడం మాత్రం ఆగలేదు. శాస్త్రపరంగా తప్పులేని ఆ వర్గీకరణ హెచ్చరిక తీవ్రతను పలచన చేసిందని విమర్శలు చెలరేగాయి. మరుసటి ఏడాది నిబంధన మారింది. రూపం మారిన తర్వాత కూడా హెచ్చరిక కొనసాగించే వీలొచ్చింది. ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. హరికేన్ అయితే ఇంటి యజమాని ఎక్కువ నష్టం సొంతంగా భరించాలనే షరతు అక్కడి బీమా పాలసీల్లో ఉంటుంది. శాండీ తీరం తాకినప్పుడు హరికేన్ కాదు కాబట్టి ఆ షరతు చెల్లదని న్యూజెర్సీ, న్యూయార్క్ గవర్నర్లు ప్రకటించారు. ప్రాణాలకు చేటైన పేరు జేబుకు మాత్రం మేలు చేసింది.

ఐర్లాండ్ 2017లో ఇంతకంటే తెలివిగా నడుచుకుంది. ఒఫీలియా హరికేన్ అక్టోబర్ 16న అక్కడికి వచ్చేసరికి రూపం మార్చేసుకుంది. దాని పేరేమిటన్న చర్చ జోలికి పోకుండా ఐరిష్ వాతావరణ శాఖ దేశమంతటికీ రెడ్ వార్నింగ్ ఇచ్చింది, బడులు మూసేశారు. ఫాస్ట్‌నెట్ దీపస్తంభం దగ్గర 191 కిలోమీటర్ల గాలి కొట్టింది. చనిపోయింది ముగ్గురు. అదే గాలి పోర్చుగల్‌లో కార్చిచ్చులను ఎగదోసింది. ఆ పొగ, సహారా దుమ్ము కలిసి లండన్‌లో సూర్యుణ్ని ఎర్రగా మార్చాయి.

మన బంగాళాఖాతంలో ఈ మార్పు చూడం. ఉత్తరాన సముద్రం అయిపోతుంది, మూడు పక్కలా నేల. మలుపు తిరిగి మధ్య అక్షాంశాలకు వెళ్లేంత నీటిదారి తుపానుకు దొరకదు. నేలమీదికి ఎక్కి తీవ్ర వాయుగుండం, వాయుగుండం, అల్పపీడనం అంటూ మెట్లు దిగుతుంది. అందుకే మనకు ‘తీరం దాటింది’ అన్న మాట వినపడగానే సగం ఊపిరి వస్తుంది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన మిగిల్చిన జ్ఞాపకం కూడా తీరం గురించిందే. ఈ ధీమా మనవరకు దాదాపు సరైనదే. కానీ 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం మీద పడిన హుద్‌హుద్ దాన్ని దెబ్బతీసింది. కైలాసగిరి మీది రాడార్‌ను దెబ్బకొట్టి, నగరంలో ఎన్నో చెట్లను పడగొట్టి, అది ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరాదికి వెళ్లింది. మన వార్తల్లో కరెంటు ఎప్పుడొస్తుంది, పాలు ఎక్కడ దొరుకుతాయి అన్నవే మిగిలాయి. అటు హిమాలయాల దగ్గర ఆ వాయుగుండపు తేమ పడమటి గాలుల ద్రోణితో కలిసింది. పద్నాలుగో తేదీన నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల్లో, 5,400 మీటర్ల ఎత్తున్న థోరాంగ్ లా కనుమ చుట్టుపక్కల, మంచు తుపానుగా కురిసింది. అది ట్రెకింగ్ సీజన్. 40 మందికి పైగా చనిపోయారు. విశాఖలో కూలిన చెట్టుకూ కనుమ మీద గడ్డకట్టిన మనిషికీ కారణం ఒకటే తుపాను. ఇది పూర్తి రూపపరివర్తన కాదు. కానీ సూత్రం ఫ్రీడాదే: ఉష్ణమండలపు తేమకు మధ్య అక్షాంశపు గాలి తోడైంది.

భూమి వేడెక్కుతున్న కొద్దీ ఇవి పెరుగుతాయా? తుపానులు గరిష్ఠ బలానికి చేరే చోటు ధ్రువాల వైపు జరుగుతోందని జేమ్స్ కాసిన్, కెర్రీ ఇమాన్యుయెల్, గేబ్రియెల్ వెక్కి 2014లో చూపించారు. ఉత్తరార్ధగోళంలో దశాబ్దానికి సుమారు 53 కిలోమీటర్లు. వెచ్చటి నీరు పైదాకా ఉంటే తుపాను బలం పోకుండానే జెట్ స్ట్రీమ్ దగ్గరికి చేరగలదు. మరోపక్క ధ్రువాలు త్వరగా వేడెక్కితే చలికీ వేడికీ తేడా తగ్గి రెండో పొయ్యికి మంట తగ్గాలి. రెండిట్లో ఏది నెగ్గుతుందో ఇప్పుడే తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఒక్కటి మాత్రం లెక్కల అవసరం లేకుండానే కనిపిస్తోంది: అలాస్కా పడమటి తీరానికి శరదృతువులో అడ్డుగోడగా నిలిచే సముద్రపు మంచు ఆలస్యంగా పేరుకుంటోంది. 2022లో మెర్బోక్ టైఫూన్ శేషం వచ్చినప్పుడు కెరటాలు నేరుగా ఊళ్ల మీద పడ్డాయి.

2025లో మళ్లీ అదే జరిగింది, ఇంకా దారుణంగా. హాలాంగ్ టైఫూన్ శేషం అక్టోబర్ 12 తెల్లవారేసరికి యూపిక్ ప్రజల ఊళ్లయిన కిప్నుక్, క్విగిల్లింగోక్‌లను ముంచెత్తింది. ఇళ్లు పునాదుల మీంచి లేచి, లోపల మనుషులుండగానే కొట్టుకుపోయాయి. 1,500 మందికి పైగా నిర్వాసితులయ్యారు. నేషనల్ గార్డ్ విమానాల్లో వందల కిలోమీటర్ల అవతలి యాంకరేజ్‌కు తరలించారు. తుపాను దారి అనుకున్నదానికంటే ఆ తీరానికి దగ్గరగా జరిగిందన్నది చివరి రోజుల్లో గానీ తేలలేదు. మళ్లీ బలపడే వేళ పైగాలి ద్రోణి ఎక్కడుందో తెలియాలంటే బెలూన్లు ఎగరేసి కొలవాలి. ఆ ఏడాది పశ్చిమ అలాస్కాలో కొన్ని కేంద్రాల్లో బెలూన్లు ఎగరేయడం తగ్గించారు. అంచనా దెబ్బతిన్నది దానివల్లేనా అని నిపుణులు వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎటు తేలినా, ద్రోణి కొన్ని గంటలు అటూఇటూ అయితే ఫలితమే తలకిందులవుతుందని తెలిసి కూడా, జనం తక్కువన్న లెక్కతో అక్కడే కొలతలు తగ్గించుకోవడం నాకు మాత్రం మింగుడుపడటం లేదు.